‘మీ పాలసీని ఇక పొడిగించం’ అన్న ఉత్తరం వచ్చాక

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, శాక్రమెంటోకు తూర్పున ఉన్న ఎల్ డొరాడో హిల్స్‌లో ఉంటున్నాం. 2004లో కట్టిన ఇల్లు, 2,800 చదరపు అడుగులు. తొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీలో బీమా కడుతున్నాం. ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు. పోయిన వారం వాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కార్చిచ్చు ప్రమాదం ఎక్కువగా ఉన్నందున గడువు ముగిశాక పాలసీని పొడిగించబోమని రాశారు. ఏ కంపెనీ బీమా ఇవ్వనప్పుడు తీసుకునే ‘ఫెయిర్ ప్లాన్’ తప్ప వేరే దారి లేదని ఏజెంటు అంటున్నారు. ఇప్పటిదాకా ఏడాదికి 2,300 డాలర్లు కట్టేవాళ్లం. ఇకపై రెండు పాలసీలు కలిపి 6,800 అవుతుందట. లోను కొంచెమే మిగిలింది. దాన్ని తీర్చేసి బీమా మానేద్దాం, ఆ డబ్బేదో మనమే దాచుకుందాం అంటున్నారు మా వారు. విజయవాడ నుంచి మా మామగారిదీ అదే మాట. మా ఇల్లు అడవిలో లేదు, కాలనీలో ఉంది. అయినా ఇలా చేసే హక్కు వాళ్లకు ఉందా? మేము ఏం చేయాలి? అమ్మేసి వేరే చోటికి వెళ్లిపోవడమే మేలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ వారి ఆలోచన సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ తర్వాత దిద్దుకోగలిగినవే. ఇది మాత్రం ఒకసారి తప్పితే దిద్దుకోలేం.

లోను తీరిపోతే బీమా ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. ఆ మాటకు మీ మామగారి లెక్క విజయవాడలో చెల్లుతుంది కూడా. అక్కడ ఇల్లంటే ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు. వంటింట్లో నిప్పంటుకుంటే వంటిల్లు నల్లబడుతుంది, ఇల్లు నిలబడే ఉంటుంది. అక్కడ వచ్చే ముప్పు నీళ్లది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా ఇళ్లను కడుక్కుని మళ్లీ అందులోనే ఉన్నారు. మీరుంటున్నది కర్ర చట్రం మీద కట్టిన ఇల్లు. కార్చిచ్చు దాన్ని అంటుకుంటే పొద్దున్నకు పునాది, నీళ్ల హీటరు, పొయ్యి గొట్టం మిగులుతాయి.

ఏడాదికి 6,800 చొప్పున పదేళ్లు దాచినా, వడ్డీ పక్కన పెడితే, 68,000 డాలర్లు. చదరపు అడుగుకు 350 డాలర్లే పడుతుందనుకున్నా మీ ఇల్లు తిరిగి కట్టడానికి 9 లక్షల 80 వేలు కావాలి. సర్కారు ఆదుకుంటుందన్న ఆశ ఉంటే అదీ చూద్దాం. 2024 అక్టోబరు నుంచి ఏడాదిపాటు ప్రకటించిన విపత్తులకు ఇంటి కోసం కేంద్ర విపత్తు సహాయ సంస్థ ఫెమా ఇచ్చిన గ్రాంటు ఎంత ఎక్కువైనా 43,600 డాలర్లు. ఆపైన ఎస్‌బీఏ అనే మరో కేంద్ర సంస్థ ఇచ్చేది అప్పు. అదీ ఇంటికి 5 లక్షలు దాటదు. లోను తీర్చుకున్న సంబరం తీరకముందే కొత్త లోను నెత్తిన పడుతుంది. పైగా ఇంటి బీమా నిప్పుకే కాదు. పిల్లవాడి పుట్టినరోజుకు వచ్చినవాళ్ల అబ్బాయి మీ ఇంట్లో జారిపడి చేయి విరగ్గొట్టుకుంటే వచ్చే ఆసుపత్రి బిల్లు, లాయరు నోటీసు కూడా దాని కిందికే వస్తాయి. కాబట్టి బీమా మానేయడమన్న మాటను చర్చలోంచే తీసేయండి. 6,800ను 5,000కు ఎలా తగ్గించాలో ఆలోచించడం వేరు, సున్నా చేయడం వేరు.

ఇక హక్కు సంగతి. ఉంది. కంపెనీ ఏడాదికొకసారి చేసుకునే ఒప్పందం ఇది. గడువు అయ్యాక వద్దనే స్వేచ్ఛ మీకు ఎంత ఉందో వాళ్లకూ అంతే ఉంది. తొమ్మిదేళ్ల నమ్మకానికి ఈ లెక్కలో విలువ లేదు. అది బాధాకరమే, కానీ మీమీద కక్షేమీ కాదు. 2017, 2018 రెండేళ్ల మంటలు అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా కాలిఫోర్నియా ఇళ్ల బీమాలో కంపెనీలు సంపాదించుకున్న లాభాన్ని తుడిచిపెట్టేశాయి. 2018 నవంబరు 8న మొదలైన ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చులో పారడైజ్ ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. 85 మంది చనిపోయారు. ఆ ఒక్క మంట దెబ్బకు మెర్సెడ్ ప్రాపర్టీ అనే చిన్న బీమా కంపెనీ దివాలా తీసింది. మరోవైపు, 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 103 ప్రకారం రాష్ట్ర అనుమతి లేకుండా ధర పెంచడానికి వీల్లేదు. ధర కావలసినంత పెంచలేని కంపెనీ చేసే పని ఒకటే: ప్రమాదం ఎక్కువనిపించిన ఇళ్లను వదిలించుకోవడం. 2023 మేలో స్టేట్ ఫామ్ అనే పెద్ద బీమా కంపెనీ ఈ రాష్ట్రంలో ఇళ్లకు కొత్త పాలసీలు రాయడం ఆపేసింది. మరుసటి ఏడాది సుమారు 72,000 పాలసీలను పొడిగించబోమని ప్రకటించింది. కాబట్టి మీ కాలనీలో ఇలాంటి ఉత్తరం అందుకున్న ఇల్లు మీదొక్కటే అయ్యుండదు.

‘మాది అడవి కాదు, కాలనీ’ అన్న మాట మాత్రం కొంచెం ఆగి ఆలోచించవలసింది. 2017లో టబ్స్ మంట శాంటా రోజాలో ఆరు వరుసల హైవే 101ను దాటి కాఫీ పార్క్ అనే మామూలు కాలనీలో వెయ్యికి పైగా ఇళ్లను మింగింది. అక్కడా అడవి లేదు. 2021 డిసెంబరు 30న కొలరాడోలో మార్షల్ మంట ఎండుగడ్డి మీదుగా గాలితో పరుగెత్తి, ఒక్క రోజులో వెయ్యికి పైగా ఇళ్లను బూడిద చేసింది. మీ చుట్టూ ఉన్నది ఏమిటి? ఓక్ చెట్లు, మే నెల దాటితే బంగారు రంగుకు తిరిగే గడ్డి గుట్టలు. 2021 ఆగస్టులో మీ కౌంటీలోనే కాల్డోర్ మంట గ్రిజ్లీ ఫ్లాట్స్ ఊరిని తుడిచిపెట్టింది. ఇంటిని కాల్చేది చాలాసార్లు ఎదురుగా వచ్చే మంట కాదు, గాలిలో మైలు దూరం కూడా ఎగిరి వచ్చే నిప్పురవ్వ. కంపెనీల కంప్యూటర్లు లెక్కవేసేది దాన్నే. రాష్ట్రం అచ్చువేసే అగ్ని ప్రమాద పటంలో మీ వీధి ఏ రంగులో ఉందన్నది వేరే సంగతి. ఆ పటాన్ని చూపించి కంపెనీతో వాదించి లాభం లేదు, వాళ్ల లెక్కలు వాళ్లవి.

ఇప్పుడు చేయవలసిన పనులు. కవరు పారేయకండి. పాలసీ ముగియడానికి కనీసం 75 రోజుల ముందు, కారణం చెబుతూ ఈ ఉత్తరం పంపాలని కాలిఫోర్నియా చట్టం. పోస్టు ముద్ర మీద తేదీ, పాలసీ ముగిసే తేదీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టండి. ఒక్క రోజు తగ్గినా రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేయండి. ఇంకొకటి. గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించిన మంట పరిధిలోకి లేదా దానికి ఆనుకుని వచ్చే జిప్ కోడ్‌లలో ఏడాదిపాటు కార్చిచ్చు పేరు చెప్పి పాలసీలు ఆపకూడదు. కాల్డోర్ తర్వాత వచ్చిన ఏడాది గడువు ఎప్పుడో అయిపోయింది కానీ, మీ జిప్ కోడ్ ఇప్పుడు అలాంటి జాబితాలో ఏదైనా ఉందేమో బీమా శాఖ వెబ్‌సైటులో చూసుకోవడం ఐదు నిమిషాల పని.

తర్వాత, మీ ఇంటికి ఇచ్చిన కార్చిచ్చు ప్రమాద స్కోరు ఎంతో, ఎందుకు ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రీమియం లెక్కకు వాడే స్కోరును మీకు చెప్పి తీరాలి. తప్పు ఉందనిపిస్తే మీరు అప్పీలు చేసుకోవచ్చు, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ హక్కు ధరకు సంబంధించినది. పాలసీ కొనసాగించి తీరాలని బలవంతపెట్టేది కాదు. అయినా అడగడంలో ప్రయోజనం ఉంది. ఇప్పుడు చాలా కంపెనీలు మనిషిని పంపకుండా ఆకాశం నుంచి తీసిన ఫోటోలు చూసి తీర్మానిస్తున్నాయి. పక్కింటివాళ్ల చెట్టు కొమ్మ మీ కప్పు మీద ఉన్నట్టు కనబడవచ్చు. ఎప్పుడో కొట్టించేసిన చెట్టు పాత ఫోటోలో ఇంకా పచ్చగా ఉండవచ్చు. ఇలాంటి తప్పును ఫోటోలతో దిద్దిస్తే అదే కంపెనీ మనసు మార్చుకోకపోయినా, కొత్త కంపెనీ దగ్గర అదే తప్పు మళ్లీ ఎదురు కాదు.

అంతకన్నా ముఖ్యమైన పని ఇంటి గోడ నుంచి ఐదు అడుగుల లోపల ఉంది. ‘సేఫర్ ఫ్రమ్ వైల్డ్‌ఫైర్స్’ అనే పేరుతో రాష్ట్రం ఒక జాబితా తయారుచేసింది. అందులోవి చేసినవారికి కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి. ఎంత తగ్గించాలన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఈ శనివారం మీ ఇద్దరూ ఒక టేపు పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. ఐదు అడుగుల లోపల మండే వస్తువు ఏదైనా కనబడితే రాసుకోండి. గోడ పక్కన పరిచిన చెక్క పెళ్లలు తీసి కంకర వేయించండి. ఇంటికి ఆనుకుని ఉన్న చెక్క కంచె దీపంలో వత్తిలాంటిది, ఎక్కడో అంటుకున్న నిప్పును నేరుగా గోడ దాకా తెస్తుంది. కనీసం ఇంటిని తాకే ఆఖరి భాగాన్ని లోహపు గేటుగా మార్చండి. అటకకు గాలి పోయే జాలీలను నిచ్చెన వేసుకుని దగ్గరగా చూడండి. కన్నం అంగుళంలో ఎనిమిదో వంతు కన్నా పెద్దదిగా ఉంటే రవ్వ లోపలికి దూరుతుంది, బయట ఏమీ కాకపోయినా అటకలోంచి ఇల్లు అంటుకుంటుంది. సన్నటి లోహపు జాలీ బిగించడానికి పెద్ద ఖర్చు కాదు. మీ ప్రాంతంలో 2004 నాటి ఇళ్లకు చాలావరకు పెంకు కప్పులే. పెంకు మండదు కదా అని ధీమాగా ఉండకండి. చూరు దగ్గర గుండ్రటి పెంకుల చివర్లు తెరుచుకుని ఉంటాయి. వాటిలోకి వేలు పెట్టి చూడండి, ఎండు ఆకులు, పిచుక గూళ్లు చేతికి తగులుతాయి. వాటిని శుభ్రం చేయించి మూయించాలి. కార్చిచ్చును తట్టుకునే నిర్మాణ నిబంధనలు 2008లో వచ్చాయి. మీ ఇల్లు అంతకుముందుది కాబట్టి ఈ చిన్నచిన్న లోపాలు ఉండడం సహజం.

మన ఇళ్లకు ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి, వాటిని ఏ ఇన్‌స్పెక్టరు జాబితాలోనూ చూడలేదు. ఉగాదికి గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం దసరా దాకా అలాగే వేలాడుతుంది. ఆగస్టులో దాన్ని ముట్టుకుంటే పొడి అయిపోతుంది. పండగ అయిన వారానికే తీసేయండి, ఏడాది పొడవునా ఉండాలంటే ఇత్తడిది కట్టండి. గుమ్మం ముందు కొబ్బరిపీచు చాప ఉంటే తీసేయండి. కరివేపాకు కుండీలు గోడ వారగా ఉంటే జరపండి. తులసికోట ఇంటికి దూరంగా పెరటి మధ్యలో ఉంటే శాస్త్రానికీ సరిపోతుంది, బీమాకూ సరిపోతుంది.

పనులయ్యాక ముందు, తర్వాత ఫోటోలు, బిల్లులు ఒకచోట పెట్టుకోండి. మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి (హెచ్‌ఓఏ) ‘ఫైర్‌వైజ్’ గుర్తింపు, అంటే కార్చిచ్చు జాగ్రత్తలు తీసుకునే కాలనీలకు ఇచ్చేది, ఉందో లేదో అడగండి. ఉంటే దానికీ తగ్గింపు వస్తుంది. లేకపోతే వచ్చే సమావేశంలో మీరే ఆ మాట లేవనెత్తండి. పక్కిల్లు మండితే మీ కంకరొక్కటే ఆపలేదు.

ఏజెంటు సంగతికి వస్తే, ఒక్క కంపెనీకి పనిచేసే ఏజెంటు ‘వేరే దారి లేదు’ అంటే, తన దగ్గర లేదని అర్థం. పలు కంపెనీల పాలసీలు అమ్మే స్వతంత్ర బ్రోకర్లను ఇద్దరు ముగ్గురిని అడగండి. 2024 చివర్లో బీమా కమిషనర్ రికార్డో లారా కొత్త నిబంధనలు తెచ్చారు. రాబోయే మంటలను అంచనావేసే కంప్యూటర్ నమూనాలను ధరల లెక్కలో వాడుకోనిస్తారు. బదులుగా కంపెనీలు ప్రమాదకర ప్రాంతాల్లో ఎక్కువ పాలసీలు రాయాలి. దాంతో కొన్ని కంపెనీలు మెల్లగా తిరిగి వస్తున్నాయి. ధర తక్కువేమీ ఉండదు, కానీ ఒకే పాలసీలో అన్నీ దొరుకుతాయి. రాష్ట్ర అనుమతి అక్కరలేని ‘సర్‌ప్లస్ లైన్స్’ కంపెనీ పాలసీ చూపిస్తే మాత్రం రెండోసారి ఆలోచించండి. ఆ కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ సంఘం ఆదుకోదు.

ఏదీ కుదరకపోతే ఫెయిర్ ప్లాన్. 1968 నుంచి ఉంది. చాలామంది ప్రభుత్వ పథకం అనుకుంటారు, కాదు. రాష్ట్రంలో వ్యాపారం చేసే బీమా కంపెనీలన్నీ కలిసి చట్టం ప్రకారం నడిపే చివరి ఆసరా. 2025 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటల తర్వాత డబ్బు చాలక సభ్య కంపెనీల నుంచి 100 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులో సగం దాకా తమ పాలసీదారుల మీద వేసుకునే వీలు కంపెనీలకు దొరికింది. ఇంటి పాలసీకి దీని గరిష్ఠ పరిమితి 30 లక్షల డాలర్లు. నిప్పు, పిడుగు, పొగ, లోపలి పేలుడు లాంటివాటికే వర్తిస్తుంది. నీళ్ల గొట్టం పగిలినా, దొంగలు పడినా, ఇందాక చెప్పిన చేయి విరిగిన కేసు వచ్చినా దమ్మిడీ రాదు. అందుకే దానికి తోడుగా ‘డిఫరెన్స్ ఇన్ కండిషన్స్’ అనే రెండో పాలసీ, అందరూ డీఐసీ అంటారు, తీసుకోవాలి. మీ ఏజెంటు చెప్పిన రెండు పాలసీలు ఇవే. డబ్బు మిగులుతుందని రెండోదాన్ని వదిలేయవద్దు. మంట కన్నా గొట్టం పగలడమే ఎక్కువ ఇళ్లలో జరుగుతుంది.

ఫెయిర్ ప్లాన్ ఫారంలో ఒక గడి దగ్గర ఆగండి. మామూలుగా అది ఇచ్చేది వస్తువు పాతబడిన మేరకు తగ్గించిన విలువ. అంటే ఇరవై ఏళ్ల కప్పుకు ఇరవై ఏళ్ల కప్పు ధరే ఇస్తారు. కొత్తదాని ధర కావాలంటే ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ విడిగా ఎంచుకోవాలి. ఇంట్లో సామానుకు, కాలిపోయాక అద్దె ఇంట్లో ఉండాల్సిన ఖర్చుకు కూడా విడివిడిగా మొత్తాలు రాయాలి. మీకు వచ్చిన 6,800 ధరలో ఇవన్నీ ఉన్నాయో లేదో అడిగి చూడండి. తక్కువ ధరకు కుదిర్చానని చెప్పుకోవడానికి వీటిని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

అసలు మీ పాత పాలసీ మొదటి పేజీ తీసి, ఇంటికి ఎంత మొత్తం రాసి ఉందో ఎప్పుడైనా చూశారా? తొమ్మిదేళ్ల కింద ఏజెంటు ఫోనులో అడిగి టైపు చేసిన అంకె ఏదో, ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చి ఉంటుంది. ఇల్లు అమ్మితే ఎంత వస్తుందన్నది ఇక్కడ పనికిరాదు, నేల కాలిపోదు. తిరిగి కట్టడానికి మేస్త్రీ ఎంత అడుగుతాడన్నదే లెక్క. ఊరంతా కాలిన తర్వాత ఆ మేస్త్రీ కోసం వెయ్యి మంది వరసలో ఉంటారు, కూలీలు, కలప ధరలు పెరుగుతాయి. మార్షల్ మంట తర్వాత చాలామందికి తెలిసిన చేదు నిజం ఇదే: బీమా ఉంది, కానీ చాలినంత లేదు. మీ ప్రాంతంలో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఒకరిని ఈ రోజు చదరపు అడుగుకు ఎంతవుతుందో అడగండి. ఆ మొత్తం మీద అదనంగా 25 శాతం గానీ 50 శాతం గానీ ఇచ్చే పొడిగింపు దొరికితే తీసుకోండి. కొత్త నిర్మాణ నిబంధనల వల్ల పెరిగే ఖర్చుకూ విడిగా కొంత మొత్తం ఉండాలి. ప్రీమియం తగ్గించుకోవాలంటే డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మీరు భరించే మొత్తం, పెంచండి. ఇంటి మొత్తంలో మాత్రం కోత వేయకండి.

మీరు అడగకపోయినా చెబుతున్నాను, నగల సంగతి. మామూలు ఇంటి పాలసీల్లో నగలు దొంగతనానికి గురైతే ఇచ్చే మొత్తానికి పరిమితి ఉంటుంది, చాలా పాలసీల్లో 1,500 డాలర్ల చొప్పున. ఒక జత గాజులకు కూడా చాలదు. నిప్పులో పోతే ఆ పరిమితి సాధారణంగా వర్తించదు కానీ, ఉన్నాయని రుజువు చేసుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్న హారానికి బిల్లు ఏ డబ్బాలో ఉందో వెతికి ఫోటో తీసుకోండి. అత్తగారు పెట్టినవాటికి బిల్లు ఉండదు కాబట్టి ఇక్కడి నగల దుకాణంలో విలువ కట్టించి కాగితం తీసుకోండి. పెద్దవాటిని పాలసీలో విడిగా నమోదు చేయించండి. ఫోనులో వీడియో పెట్టి ఇల్లంతా తిరుగుతూ బీరువాలు, అల్మారాలు, పూజ గదిలో వెండి సామాను, పట్టుచీరల మడతలు ఒక్కొక్కటీ తెరిచి చూపించండి. ధర చెబుతూ తీస్తే ఇంకా మంచిది. ఆ వీడియో ఫోనులోనే ఉంచకుండా ఇంటి బయట ఎక్కడైనా, కనీసం ఆన్‌లైన్‌లో, దాచండి.

ఇల్లు అమ్మే విషయం ఇప్పుడే నిర్ణయించుకోవద్దు. కొనబోయేవాడూ బీమా వెతుక్కోవాలి, వాడికీ ఇదే ధర చెబుతారు, ఆ భారాన్ని మీ ధరలోంచి తగ్గించమంటాడు. ముందు ఇంటి చుట్టూ పని చేయించి, ఏడాది తర్వాత మళ్లీ బ్రోకర్లను అడిగి చూడండి. ఫెయిర్ ప్లాన్‌లో చేరినంత మాత్రాన జీవితమంతా అందులోనే ఉండాలని లేదు. ఏడాది మధ్యలో మామూలు కంపెనీ దొరికినా మారిపోవచ్చు. ఎక్కడైనా చిక్కుపడితే బీమా శాఖ ఉచిత ఫోను నంబరు 1-800-927-4357. శాన్ ఫ్రాన్సిస్కోలోని యునైటెడ్ పాలసీహోల్డర్స్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా పాలసీదారుల పక్షాన సలహాలిస్తుంది.

చివరిగా తేదీలు. పాతది ముగిసే రోజునే కొత్తవి రెండూ మొదలవ్వాలి. ఒక్క రోజు ఖాళీ వచ్చినా లోను ఇచ్చినవాళ్లు తామే ఒక బీమా కొని మీ ఖాతాలో వేస్తారు. దాని ధర మిన్నంటుతుంది, కాపాడేది వాళ్ల అప్పునే కానీ మీ సామానును కాదు. మీ ప్రీమియం ఎస్క్రో ద్వారా, అంటే లోను ఇచ్చినవాళ్లు మీ దగ్గర వసూలు చేసి కట్టే ఖాతా నుంచి, వెళుతుంటే ఫెయిర్ ప్లాన్ బిల్లు, డీఐసీ బిల్లు రెండూ వాళ్లకు అందాయో లేదో ఫోను చేసి అడగండి. రెండోది చాలాసార్లు మనమే నేరుగా కట్టాల్సి వస్తుంది. కొత్త పాలసీల ధ్రువీకరణ కాగితాలు వాళ్లకు మీరే పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోండి. ఆ పని గడువుకు పదిహేను రోజుల ముందే పూర్తి కావాలి.